పదో పాట ఎవరిది

బ్యాండు పుట్టినప్పటి నుంచీ డ్రమ్ములు అతనే వాయిస్తున్నాడు. అయినా ఇన్నేళ్లలో ఒక్క పాట కింద కూడా అతని పేరు పడలేదు. అందరూ దరువు అనే పిలుస్తారు. అసలు పేరు కరెంటు బిల్లు వేసేవాడికి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎప్పుడైనా జేబులోంచి కాగితం తీసి “నేనూ ఒకటి రాశాన్రా” అంటే, “కొట్టేవాడివి కొట్టు, రాయడానికి మేం ఉన్నాం” అని నవ్వేవాళ్లు. దరువు కాగితం మడిచి మళ్లీ జేబులో పెట్టుకునేవాడు.

ఈసారి మాత్రం మడిచే వీలు లేదు. పోయిన వానాకాలం పెళ్లాం కుట్టుమిషను అమ్మేసి, డ్రమ్ముల పక్కన వేలాడదీసే ఇత్తడి పళ్లెం ఒకటి కొన్నాడు. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. సంచీ భుజాన వేసుకుని చెల్లెలింటికి వెళ్లిపోయింది. తిట్టే ఆడమనిషిని ఎలాగోలా తట్టుకోవచ్చు, సంచీ సర్దుకునే ఆడమనిషిని ఎవడు తట్టుకుంటాడు? ఆవిడ తిరిగొచ్చాక కూడా ‘తప్పు నాదే’ అన్న మాట దరువు నోట రాలేదు. పాట రాసి చూపించాడు.

‘కుట్టు తెంపింది నేనే, సూది నీ చేతిలో ఉంది’ అని మొదలవుతుంది.

ఆవిడ చదివి, “బానే ఉంది. కాగితం మీద ఎవరైనా రాస్తారు. రికార్డులో రానివ్వండి, మీ పేరుతో. అప్పుడు నమ్ముతా” అంది.

అక్కడే వచ్చింది చిక్కు. బ్యాండులో పాడేవాడు, గిటారు వాయించేవాడు బావాబామ్మర్దులు. ఏళ్ల తరబడి ఇద్దరికీ మాటల్లేవు. అప్పట్లో ఓ కచేరీలో గిటారాయన కళ్లు మూసుకుని ఒంటరిగా వాయిస్తుంటే, పాడే బావ మైకు పట్టుకుని “దారికడ్డంగా తెల్లకారు ఎవరిదో, కాస్త తీయండి” అన్నాడు. ఆ కారు గిటారాయనదే. వాయిద్యం మెడలో వేలాడుతుండగానే వెళ్లి కారు తీశాడు. ఆ రోజు నుంచి బావ ‘మా అక్క మొగుడు’ అయిపోయాడు.

కొత్త ఆల్బం కూడా అలాగే తయారైంది. పొద్దున గాయకుడొచ్చి పాడి వెళ్తాడు, మధ్యాహ్నం గిటారాయనొచ్చి వాయించి వెళ్తాడు. మధ్యలో మాటలు మోసేది దరువు.

“వాడి గిటారు వింటే తలుపు బందులకి నూనె వెయ్యాలనిపిస్తోందని చెప్పు” అనేవాడు గాయకుడు.

“నీ గిటారు వింటే బావకి ఏదోలా అయిపోతోందట” అని చెప్పేవాడు దరువు.

“మా అక్క మొగుడి గొంతు ఆ పై స్వరం అందుకునేలోపు నేను ఇంటికెళ్లి స్నానం చేసి రావచ్చని చెప్పు.”

“ఏం తొందర్లేదు, నిదానంగా పాడమన్నాడు.”

గాజు అద్దం వెనక కూర్చున్న సౌండు ఇంజనీరు ఇవన్నీ విని, నవ్వు ఆపుకోలేక చెవుల మీది హెడ్‌ఫోన్లు ఇంకా గట్టిగా అదుముకునేవాడు.

తొమ్మిది పాటలయ్యాయి. పదోది లేనిదే తీసుకునేది లేదంది రికార్డు కంపెనీ. దరువు గుండె చిక్కబట్టుకుని కాగితం తీసుకెళ్లి గాయకుడికిచ్చాడు.

“ఎవడు రాశాడ్రా?”

నేనే అంటే మళ్లీ నవ్వుతాడు. “నీ బామ్మర్ది. నిన్ను తలుచుకునే రాశాడట. చెప్పొద్దన్నాడు” అనేశాడు. మధ్యాహ్నం గిటారాయనకీ అదే కథ, తిరగేసి చెప్పాడు. గాయకుడు కళ్లు తుడుచుకుంటూ పాడాడు. గిటారాయన అంత మెత్తగా వాయించడం దరువు ఎన్నడూ వినలేదు. ఆల్బం అట్ట మీద తన పేరు గుట్టుగా వేయించుకోవచ్చులే అనుకున్నాడు. కానీ ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు కంపెనీకి ఫోను చేసి, “ఆ పాటకి అవతలివాడి పేరే వేయండి” అన్నారు. కంపెనీవాళ్లు బుర్ర గోక్కుని ఎవరి పేరూ వేయలేదు.

ఆల్బం బయటికొచ్చింది. తొమ్మిది పాటలూ పాత చొక్కాలకి కొత్త ఇస్త్రీ అని ఓ పేపరు రాసింది. పదోదాన్ని మాత్రం నెత్తిన పెట్టుకుంది. ఎక్కడ చూసినా అదే మోగుతోంది. పేపర్లవాళ్లని పిలిచి కంపెనీ ఓ మీటింగు పెట్టింది. దరువు పెళ్లాం ముందు వరసలో చేతులు కట్టుకు కూర్చుంది.

“ఇంతకీ పదో పాట ఎవరిది?” అని అడిగారు.

“మా బామ్మర్దిది” అన్నాడు గాయకుడు. గిటారాయన తుళ్లిపడ్డాడు. “అదేంటి బావా, నువ్వు రాసింది కదా!”

“ఊరుకోరా, ఇంకా దాస్తావేంటి?”

“దాచేది నువ్వు! ఎప్పుడూ ఇంతే నీతో!”

కావలించుకోబోయినవాళ్లు కాలర్లు పట్టుకునేలా ఉన్నారు. దరువు వాళ్లని చూడట్లేదు. ముందు వరసలో పెళ్లాం సంచీ భుజాన వేసుకుంటోంది. అదే సంచీ.

లేచి మైకు లాక్కున్నాడు. “నేను రాశాను. మా ఆవిడకి. కుట్టుమిషను అమ్మినందుకు. తప్పు నాదే.”

ఆవిడ సంచీ మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

స్టేజీ మీద ముందుగా గాయకుడు తేరుకున్నాడు. “అయితే నన్ను నిదానంగా పాడమన్నది…”

“నేనా? స్నానం చేసి రావచ్చన్నా.”

“నేను తలుపు బందులన్నా!”

ఇద్దరూ ఒకేసారి దరువు వైపు తిరిగారు. “ఇన్నాళ్లూ మన చెవుల్లో పూలు పెట్టాడు బావా వీడు!” అన్నాడు గిటారాయన. ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని మరీ తిట్టారు.

ఇప్పుడు బావాబామ్మర్దులు ఒకే కారులో స్టూడియోకి వస్తారు. దరువుతో మాత్రం ఇద్దరికీ మాటల్లేవు. అట్ట మళ్లీ అచ్చేసినప్పుడు పదో పాట కింద అతని పేరు పడింది. అది చూసి “ఎవరండీ ఈయన?” అన్నాడు సౌండు ఇంజనీరు.

దరువుకి ఏదైనా చెప్పాల్సొస్తే ఆ ఇద్దరూ అతని పెళ్లాం ద్వారా చెప్పిస్తారు. ఇత్తడి పళ్లెం అమ్మి కొన్న కుట్టుమిషను ముందు కూర్చుని, ఆవిడ తల ఎత్తకుండానే చెబుతుంది.

“కొత్త పాటలో మీ వాయింపు, చెప్పులేసుకుని మెట్లు దిగుతున్నట్టుందట.”

“ఎవరన్నారు?”

“ఇద్దరూ.” దారం పళ్లతో తెంపింది. “నిజమేనని నేనూ అన్నాను.”