చప్పుడు లేని బండి

బానెట్ ఎత్తి చూసి డ్రైవరు నోరెళ్ళబెట్టాడు. ఇంజను లేదు! అది ఉండాల్సిన చోట నున్నటి నల్ల ప్లాస్టిక్ తొట్టి, చంటిపిల్లని పడుకోబెట్టేంత ఉంది. తుడుద్దామని తెచ్చిన గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

"ఇదేంటి బాబుగారూ, లోపలి సరుకంతా దింపేసుకుని పంపించారా?"

మెట్ల మీద నిలబడ్డ యజమాని పడీపడీ నవ్వాడు. "కరెంటు బండికి అక్కడేం ఉండదు చెవులయ్యా. సామాను పెట్టుకోవచ్చు."

చెవులయ్య అన్నారు కదా అని అతనికేం చేటంత చెవులు లేవు. లారీ మీద క్లీనరుగా చేరిన నాటినుంచీ బండిని విని నడిపిన మనిషి. బెల్టు వదులైనా, బేరింగు అరిగినా, గేరు మార్చాల్సొచ్చినా చెవే చెప్పేది. ఇంట్లో పెళ్ళాం మాట సగమే చెవినపడేది గానీ, వీధి చివర పోయే మోటారుసైకిలు చైను వదులైందని పడుకునే చెప్పేవాడు. "నేనూ సైలెన్సరు ఊడదీసుకుని తిరగాలి కాబోలు, అప్పుడైనా వింటాడు" అనేది ఆవిడ.

ఆ చెవి కాస్తా ఇవాళ ఎందుకూ కొరగాకుండా పోయింది. మీట నొక్కాడు. చప్పుడు లేదు. స్టార్టు కాలేదనుకుని మళ్ళీ నొక్కితే ఆగిపోయింది. ఇంకోసారి నొక్కి బెదురుగా చూశాడు.

"ఇక ముట్టుకోకు, నడుస్తూనే ఉంది," అని యజమాని దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మని కుదుపు లేకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి తీసుకురా. నీ వల్ల కాదంటే చెప్పు, కంపెనీలో నేర్చుకున్న డ్రైవరు రేపట్నుంచి వస్తాడు. నిన్ను తప్పుపట్టడం కాదు."

తప్పుపట్టడం కాదట! ఈ వయసులో ఇంకెవరు స్టీరింగు చేతికిస్తారు?

చేతికర్ర తాటించుకుంటూ వచ్చిన పెద్దమ్మగారు కొడుకుని కసిరింది. "నీ వాగుడు ఆపరా. వాడు నడిపితేనే నేనెక్కేది."

బండి కదిలింది. కదిలిందని, గోడ వెనక్కి పోతుంటే తెలిసింది. అదేం చోద్యమో, కాలు ఇలా ఆనించాడో లేదో, ఎవరో వీపున చెయ్యేసి తోసినట్టు దూకింది. హడలిపోయి కాలు తీసేస్తే, బ్రేకు తొక్కకుండానే ముక్కుతాడు లాగినట్టు నిలబడిపోయింది. వెనక పెద్దమ్మగారు ముందుకి తూలింది.

"పళ్ళు రాలగొడతావేంట్రా! ఉన్నవే నాలుగు!"

"కాలు తీస్తే అదే ఆగిపోతోందమ్మగారూ! నేనేం చెయ్యలేదు!"

"మా ఆయనే నయం. ఎంత తోసినా కదిలేవాడు కాదు."

ఎదురుగా బల్లంత తెర. అందులో రోడ్డు మీది మనుషులంతా బొమ్మల్లా నడుస్తున్నారు. చక్రం గుంతలో పడితే గుంతే పక్కకి సర్దుకున్నట్టుంది. పోగా పోగా కిటుకు దొరికింది. కాలు ఒక్కసారిగా తియ్యకూడదు, నిద్రపోయిన బిడ్డ తలకిందనుంచి చెయ్యి తీసుకున్నట్టు తియ్యాలి.

అప్పుడు వినబడింది, సన్నగా పిల్లికూత. ఏ రబ్బరో రాసుకుంటోందని చెవి రిక్కించాడు. బండిది కాదు. పెద్దమ్మగారి ఊపిరి! ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్ళుగా ఆయాసం డాక్టరు దగ్గరికి ఆవిడని తిప్పుతున్నాడు, పాత డీజిలు బండి మోతలో ఆ ఛాతీలో ఇంత గోల ఉందని ఏనాడూ తెలియలేదు.

"ఎప్పట్నుంచమ్మగారూ ఈ కూతలు?"

"నీ పెళ్ళికి ముందునుంచీ. ఇవాళ వినబడిందా, చెవులయ్యా?"

డాక్టరు చూసి, మందు మార్చి పంపించాడు. తిరుగుదారిలో ఆవిడ చెయ్యి ఏదో మీటకి తగిలి, సీటు దానంతటదే ఆవిడ వీపు పిసకడం మొదలెట్టింది.

"ఓరి దీని దుంపతెగ! మా కోడలు కూడా ఇంత బాగా నొక్కదురా!" అని కిలకిలా నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు సర్దుకున్నాక, "ఉయ్యాల్లో ఉన్నట్టుంది. మావాడితో చెప్తాలే, నువ్వే ఉంటావు," అంది.

డ్రైవరు కళ్ళు చెమర్చాయి. వెనక పిల్లికూత సన్నబడింది. కాసేపటికి అసలు వినబడలేదు. నిద్రపట్టిందనుకున్నాడు. అద్దంలో చూస్తే తల మెల్లగా ఊగుతోంది, ఔనౌనన్నట్టు. పొద్దుట్నుంచీ చప్పుడు లేనివన్నీ నడుస్తూనే ఉన్నాయి కదా! లేస్తుందేమోనని హారను కొట్టలేదు. గుంతల రోడ్డు వదిలి చుట్టుదారిన పోయాడు. తన జన్మలో అంత చక్కగా ఎన్నడూ నడపలేదు.

ఇంటి ముందు ఆపి వెనక్కి తిరిగాడు. "అమ్మగారూ, ఇల్లొచ్చింది."

కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. చెయ్యి ముట్టుకుంటే చల్లగా తగిలింది. సీటు మాత్రం ఇంకా వీపు పిసుకుతూనే ఉంది. ఆ తల ఊపు దానిదే.

హారను మీద చెయ్యేసి అదేపనిగా నొక్కాడు. కొడుకూ కోడలూ పరుగెత్తుకొచ్చి ఆవిడని లోపలికి మోసుకెళ్ళారు. కాసేపటికి యజమాని ఒక్కడే బయటికొచ్చాడు. కాళ్ళకి చెప్పులు కూడా లేవు.

"ఏమైనా బాధపడిందా? పిలిచిందా నిన్ను?"

"లేదు బాబుగారూ. ఒట్టు. పిలిస్తే నాకు వినబడదా?"

ఆయన తలాడించి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ సీటునైనా ఆపుదామని డ్రైవరు వెనక తలుపు తీశాడు. కింద, పాదం మునిగేంత మెత్తటి తివాచీలో, ఆయాసానికి పీల్చుకునే ఇన్‌హేలరు మూత తీసి పడి ఉంది.