మూడో సెన్సర్

నాకు ఓపిక తక్కువ, ఒప్పుకుంట. నా పేరు దేవానందం, నాచారంల మెకానిక్‌ను. ఉమాపతి సారు కారు నాలుగోసారి షెడ్డుకొచ్చింది. డాష్‌బోర్డు మీద మళ్ల గదే పసుపు లైటు, ఇంజన్ల లోపమున్నదని.

పొగగొట్టానికి ఆక్సిజన్ సెన్సర్ ఉంటది. ఇంజన్ల పెట్రోల్ సరిగ్గ కాలుతుందో లేదో చెప్పేది గదే. ముందుగాల రెండు మార్చిన, రెండూ సచ్చినయి. రెండూ ఉప్పల్‌ల స్పేర్ పార్టుల దుకాణం నడిపే మా బావ శాంసన్ ఇచ్చినయే. మొన్న సోమవారం ఆయన దుకాణం ముంగట నిలబడి, "సొంత బామ్మర్దికే డూప్లికేట్ మాల్ అంటగడ్తున్నవా" అని బజారంత ఇనేటట్టు ఒర్రిన. రేపు నారపల్లిల బావోళ్ల కొత్తింటి ప్రార్థన. పొద్దుగాల అక్క దానమ్మ ఫోన్ జేసి, "మీ బావ నిన్ను రావద్దంటున్నడురా" అని ఏడ్చింది.

మూడో సెన్సర్ వేరే దుకాణంల కొన్న. ఐదొద్దులకే గది గూడ సచ్చింది. మరి తప్పెవరిది? కాలు ఒక్క తాన నిలుస్తలేదు. పానా పట్టుకుంటున్న, పెడుతున్న, మళ్ల పట్టుకుంటున్న.

ఉమాపతి సారు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల చేసి రిటైరైండు. నెమ్మది మనిషి. "సెన్సర్ సంగతి వదిలెయ్యి. నువ్వెలా బిగిస్తావో చూపించు" అన్నడు.

సచ్చినదాన్ని విప్పిన. మొనంత సున్నం పూసినట్టు తెల్లగుంది. మళ్ల బిగిద్దామని అలవాటుగ ట్యూబు తీసి సెన్సర్ మర చుట్లకు పేస్ట్ పూయబోయిన. సారు నా చెయ్యి పట్టుకున్నడు.

"అదేంటి?"

"సిలికాన్ పేస్ట్ సార్. పొగ కారకుంట. ఏది బిగించినా పూయాలెనని మా ఉస్తాద్ నేర్పిండు."

సారు అద్దాలు పెట్టుకొని ట్యూబు మీది సన్న అక్షరాలు చదివిండు. "ఆక్సిజన్ సెన్సర్ దగ్గర వాడకూడదట. వేడికి దీని ఆవిరి లేచి సెన్సర్‌ను చంపేస్తుంది."

మూడింటినీ నేనే సంపిన. సిగ్గుతోని చెవులు కాలినయి.

షెడ్డు మూసి, ట్యూబు జేబుల పెట్టుకొని ఉప్పల్ పోయిన. బావ కౌంటర్ కాడ్నే ఉన్నడు. పక్క దుకాణపోళ్లు తలలు బయటికి పెట్టిన్రు.

ట్యూబు కౌంటర్ మీద పెట్టి, "నీ మాల్ మంచిదే బావా. నా చెయ్యే పాడుది" అన్న.

బావ తలెత్తలే. "మొన్న గింత మెల్లగ అనలే నువ్వు."

రోడ్డు దిక్కు తిరిగిన. బస్సు కోసం నిలబడ్డోళ్లకు గూడ ఇనబడేటట్టు మళ్ల జెప్పిన.

వెనుకనుంచి బావ అన్నడు: "రేపు పదింటికి ప్రార్థన. కుర్చీలు నువ్వే దింపాలె."