హారో కేక

పెరీన్ వంటగది కిటికీలోంచి చూసేసరికి కూలీలు గట్టు చివర రాళ్లు పెకలిస్తున్నారు. గెర్న్‌సీ దీవిలో సముద్రపు గాలిని ఆపేవి ఆ మట్టిరాళ్ల గట్లే. ఈ గట్టు పెరీన్‌ది. దాని చాటున పెరిగే డాఫడిల్ పూలే ఆమె బతుకుతెరువు. అవతలి పొలం అన్న ఎలియాస్‌ది. టమాటాల అద్దాల షెడ్డు పొడిగించడానికి అతనికి ఆ గట్టు అడ్డం.

పొరుగింటి రాషెల్, ఆమె మొగుడు అప్పటికే సందులో నిలబడి ఉన్నారు.

"ఇంకా చూస్తావేంటే? మోకాళ్ల మీద పడి హారో అను. సాక్షులం ఇద్దరం ఉన్నాం. నువ్వు కేకేస్తే కోర్టు తేల్చేదాకా ఒక్క రాయి కదలదు!" అంది రాషెల్.

పెరీన్ తడినేల మీద ఒక మోకాలు వంచింది కూడా. అంతలో ఎలియాస్ నవ్వుతూ వచ్చి చెయ్యి పట్టి లేపాడు.

"ఏమే, సొంత అన్న మీద ఊరంతా వినేలా మొరపెట్టుకుంటావా? అమ్మ ఉంటే చెంప పగలగొట్టేది. పద, మీ వదిన రొట్టె చేసింది. టీ తాగుతూ మాట్లాడుకుందాం. ఒరేయ్, ఆపండ్రా!"

గునపాలు ఆగాయి. పెరీన్ సిగ్గుపడి అతని వెంట నడిచింది.

"వెళ్లు తల్లీ, రొట్టె చల్లారిపోతుంది," అంది రాషెల్ వెనకనుంచి.

వదిన ఎండుద్రాక్షల రొట్టెకు వెన్న రాసి పెడుతూనే ఉంది. పెరీన్ గట్టు మాట ఎత్తినప్పుడల్లా అన్న ఆమె కప్పు నింపి, అమ్మ కబుర్లలోకి దిగాడు. తిరిగొచ్చేసరికి గట్టు లేదు. కూలీలు రాళ్లు బండికెత్తుతున్నారు.

అప్పుడు పడింది మోకాళ్ల మీద. "హారో! హారో! హారో! కాపాడు ప్రభూ, నాకు అన్యాయం చేస్తున్నారు!"

కూలీలు పారలు వదిలి టోపీలు తీశారు. ఎలియాస్ కూడా తీశాడు. కేక తర్వాత ప్రభువు ప్రార్థన చెప్పాలి. అపరాధులను మేము క్షమించినట్టు అన్నచోట ఆమె ఆగి అన్న వైపు చూసింది. వదిలేస్తే కేక చెల్లదేమోనన్న భయంతో అదీ అంది.

కోర్టులో న్యాయాధికారి అడిగాడు. "నువ్వు కేకేసినప్పుడు గట్టు నిలబడి ఉందా?"

"లేదండి."

"కూలుస్తున్నప్పుడు ఎక్కడున్నావు?"

"మా అన్నయ్య ఇంట్లో. టీ తాగుతున్నాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. జరుగుతున్న పనిని ఆపడానికే హారో తప్ప, జరిగిపోయినదానికి కాదన్నారు. గట్టు కోసం వేరే దావా వేసుకోమన్నారు. తప్పుగా కేకేసినందుకు జరిమానా వేశారు.

బయట మెట్ల మీద ఎలియాస్ ఆమె కోటు కాలర్ సరిచేశాడు.

"ఆ రోజు టీకి రాకముందే అరిచి ఉండాల్సింది పిచ్చిదానా," అన్నాడు, నిజంగానే జాలిపడుతూ. "అప్పుడు నేనేం చెయ్యగలిగేవాణ్ణి?"