ఐదు బొత్తాల చొక్కా

బొత్తాలున్న బట్టలు పంపవద్దని, మా అమ్మాయిని చేర్చబోయే హోమ్ వాళ్ళు కాగితం మీద రాసి ఇచ్చారు. అందుకని ఒక మధ్యాహ్నం వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని, దాని చొక్కాలు తొమ్మిదింటికీ బొత్తాలు కత్తిరించి, ముందు పట్టీలు రెండూ కలిపి కుట్టేశాను. తల మీద నుంచి తొడిగేస్తే సరిపోయేలాగా. చొక్కాకి ఐదు చొప్పున నలభై ఐదు బొత్తాలు, ఖాళీ పౌడరు డబ్బాలో వేశాను. ఆ డబ్బా కదిలినప్పుడల్లా గలగలమంటుంటే మా వారు పేపరు దించి, "బొత్తాల కోసం కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషిని నిన్నొక్కదాన్నే చూశానే" అన్నారు.

ఆయనకి తెలియదు. తెలిసే అవకాశం లేదు. మా అమ్మాయికి పద్నాలుగు నిండాక మొదలుపెడితే, ఐదో బొత్తాం కాజాలో దూరేసరికి పదిహేడు నిండాయి. మూడేళ్ళు. దాని బుద్ధి నిదానంగా ఎదుగుతుందని డాక్టరు చెప్పిన రోజునే మా అత్తగారు దానికి నిదానమ్మ అని పేరు పెట్టారు. ఎగతాళికే పెట్టారు కానీ, ఆ పేరు నాకు ముద్దొచ్చి ఉండిపోయింది. పొద్దున్న పొయ్యి మీద పాలు, ఇటు ఈ పిల్ల, అటు ఆయన ఆఫీసు. పాలు పొంగిపోయిన రోజులకి లెక్కలేదు. "కూతురి చేత బొత్తాలు పెట్టించి ఉద్యోగానికి పంపుతావా ఏం? నువ్వే పెట్టేస్తే అర నిమిషం పని" అనేవారు అత్తగారు. నాకు అర నిమిషం, దానికి అరగంట. నేను సాయానికి చెయ్యి చాపితే మోచేత్తో తోసేసి "నేనూ!" అనేది. దానికొచ్చిన నలభై యాభై మాటల్లో అన్నిటికంటే గట్టిగా పలికే మాట అదే.

ఇక ఆయన సంగతి. రోజూ పొద్దున్నే పేపరులోంచి తల ఎత్తకుండా ఆయన చెయ్యి వెనక్కి చాపుతారు. ఆ చేతిలోకి చొక్కా రావాలి. ముప్ఫై రెండేళ్ళుగా వస్తూనే ఉంది. ఇంట్లో ఇద్దరికి చొక్కాలందించేదాన్ని. ఇద్దరిలో తొడుక్కోవడం నేర్చుకున్నదాన్ని హోమ్‌కి పంపించాం.

పంపించాం అంటున్నాను కానీ, దానికి ఇరవై తొమ్మిది నిండాక ఆయనే తేల్చేశారు. "రేపు నీకేమన్నా అయితే దాన్ని ఎవరు చూస్తారే? ఉన్నప్పుడే అలవాటు చెయ్యాలి." నాకేమన్నా అయితే అన్నారే గానీ, ఆయనున్నారు కదా అన్న ఊసే ఆ మాటలో లేదు. నేనూ అడగలేదు. ఏడో తరగతితో చదువాపిన దాన్ని, ఆయనతో వాదన పెట్టుకుంటే మొదటి మాట దగ్గరే తడబడతాను. పైగా ఆ భయం నాకు ఆయనకంటే ఎక్కువ. చావుకి కూడా తీరిక లేని బతుకు నాది.

హోమ్ శుభ్రంగానే ఉంటుంది. తెల్ల గోడలు, ఒక్కో గదికి ఎనిమిది మంచాలు, ఫినాయిల్ వాసన. ప్రతి ఆదివారం పది నుంచి పన్నెండు దాకా చూడనిస్తారు. వెళ్ళగానే దాన్ని బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్ళి తలుపేసేదాన్ని. చెవుల వెనక, చంకల్లో, తొడల మీద, వీపున వెతికేదాన్ని. ఏమీ ఉండేది కాదు. గోరుగాటు కూడా లేదు. గోళ్ళు తీసి ఉన్నాయి, చెవులు కడిగి ఉన్నాయి, బరువు రెండు కిలోలు పెరిగింది. ఏమీ లేకపోతే నిశ్చింతగా ఉండొచ్చు కదా! వారమంతా కొత్త భయాలు పోగేసుకునేదాన్ని. మెట్ల మీద జారిందేమో, వేడినీళ్ళ బకెట్టు మీద పడిందేమో. ఫోన్ మోగితే హోమ్ నుంచేననుకునేదాన్ని. "నీకన్నీ అనుమానాలే. ఏదో ఒకటి జరిగేదాకా నీకు తృప్తి లేదు" అనేవారు ఆయన.

ఎనిమిదో నెలలో ఒక ఆదివారం, దాని మంచం మీద పక్కపక్కనే కూర్చున్నాం. ఫ్యాను బాగుచేసే అతను నిచ్చెన పట్టుకుని లోపలికొచ్చాడు. తలనెరిసిన మనిషి. దాని ముందు నిలబడి, "కాస్త పక్కకి జరుగుతావా తల్లీ" అన్నాడు.

మా అమ్మాయి కళ్ళు మూసుకుంది. గడ్డం పైకెత్తింది. రెండు చేతులూ నిటారుగా పైకి లేపింది.

అతను స్క్రూడ్రైవరు పట్టుకుని నా వైపు చూసి నవ్వాడు. "ఏంటమ్మా, ఎత్తుకోమంటోందా నన్ను?"

నేను నవ్వలేదు. నాకు అర్థమైంది. బట్టలు విప్పడానికి ఎత్తింది. ఎదురుగా ఎవరొచ్చి నిలబడినా చేతులెత్తడం దానికి నేర్పారు. ఎవరొచ్చి నిలబడినా. అతను మంచివాడు కాబట్టి నిచ్చెన అవతల పెట్టుకుని తన పని చూసుకున్నాడు. ఎనిమిది నెలలు నేను దాని ఒంటి మీద గాయం కోసం వెతికాను. నాకు కావలసింది చర్మం మీద లేదు.

అక్కడ స్నానాలు చేయించే ఆయమ్మని పట్టుకుని అడిగాను. మోకాలికి కట్టు కట్టుకుని కుంటుతూ దుప్పట్లు మడతపెడుతోంది. నా మీద కోపం తెచ్చుకోలేదు.

"ఇరవై నాలుగు మందికి ఇద్దరం అక్కా. ఆరింటికి మొదలెడితే ఏడున్నరకి స్నానాలవ్వాలి. మీ అమ్మాయి మొదట్లో నేనూ నేనూ అని నా చెయ్యి తోసేసేది. ఆ ఒక్కదాని దగ్గర అరగంట కూర్చుంటే మిగతావాళ్ళు తడి ఒంటితో వణకాలి. ఎత్తు అంటే ఎత్తడం, దించు అంటే దించడం అలవాటు చేశాం. ఇప్పుడు చెప్పకుండానే ఎత్తేస్తోంది, బంగారు తల్లి." ఇంకో దుప్పటి అందుకుని, "మా చిన్నదానికి నేను జడ వేసి ఎన్నాళ్ళైందో. పక్కింటామె వేస్తుంది" అంది.

వార్డెన్ మేడమ్ అయితే సంతోషపడింది. "మీ అమ్మాయితో మాకసలు ఇబ్బంది లేదండీ. ఒక్క పేచీ పెట్టదు. అందరూ అలాగే ఉంటే ఎంత బావుండును!"

ఆ మాట ఎక్కడో విన్నాననిపించింది. బస్సులో గుర్తొచ్చింది. పెళ్ళైన ఆరు నెలలకి మా అత్తగారు చుట్టాలతో నా గురించి అన్నారు. "మా కోడలికి నోట్లో నాలుకే లేదు. ఏం చెప్పినా సరేనంటుంది." ఆ రోజు నేను మురిసిపోయాను కూడా.

ఇంటికొచ్చి పౌడరు డబ్బా తీశాను. ఆ పట్టీలు కుట్టింది ఆయమ్మ కాదు, వార్డెన్ కాదు. కాగితం మీద రాసిస్తే ఎందుకని అడగకుండా, తొమ్మిదింటికి తొమ్మిదీ నేనే కుట్టాను. మూడేళ్ళు పట్టి తెరిచినదాన్ని ఒక్క మధ్యాహ్నంలో మూసేశాను. బ్లేడుతో ఒక చొక్కా కుట్లు విప్పి, ఐదు బొత్తాలూ మళ్ళీ కుట్టాను.

తరవాతి ఆదివారం దానికి ఆ చొక్కా చేతులు మాత్రం తొడిగి, ముందు వైపు వదిలేసి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. అది చేతులెత్తింది. నేను నా చేతులు తొడల కింద పెట్టుకుని, "నువ్వే పెట్టుకోవే" అన్నాను. దించలేదు. గోడ గడియారంలో ఐదు నిమిషాలు. చేతులు వణుకుతున్నాయి, మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అయినా దించలేదు. దించమనే ఆ మాట నేను చెప్పకూడదనుకున్నాను. ఆ దారిన వెళుతున్న ఆయమ్మ చూసి, "దించు" అంది. ఠక్కున దించింది.

అప్పుడు దాని బొటనవేలు ఒక బొత్తాం మీద పడింది. తడిమింది. వంచింది. కాజా దాకా తీసుకెళ్ళి జార్చేసింది. మళ్ళీ. భోజనాల గంట కొట్టారు. మంచాలన్నీ ఖాళీ అయ్యాయి. బొత్తాం సగం దూరి ఆగిపోయింది. ఇంక ఓపిక పట్టలేక నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

మోచేత్తో తోసేసింది.

మాట రాలేదు. "నేనూ" అంటుందేమోనని చూశాను, రాలేదు. చూసే వేళ దాటిపోయాక, పన్నెండున్నరకి ఒక్క బొత్తాం పడింది, అది కూడా తనది కాని పై కాజాలో. చొక్కా ఒక పక్కకి ఎగిరి ఉంది. నేను సరిచెయ్యలేదు.

పోతూ పోతూ వార్డెన్ గదిలోకి వెళ్ళాను. రోజూ పొద్దున స్నానాల వేళకి వస్తానన్నాను. ఊరికే చేసే మనిషి వస్తానంటే ఎవరొద్దంటారు? "మిగతావాళ్ళకి కూడా చేయిస్తారా మరి?" అంది. చేయిస్తాను, నా కూతురి దగ్గర మాత్రం ఎవరూ తొందరపెట్టకూడదు, తనని అడక్కుండా చెయ్యి వెయ్యకూడదు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇంతా చేసి మిగతా నాలుగు బొత్తాలు ఎప్పటికి వస్తాయో, వచ్చేదాకా నేనుంటానో లేదో తెలియదు.

ఆ రోజు నాతో వచ్చిన మా వారు బయట వరండాలో గడియారం చూసుకుంటున్నారు. చెప్పాను.

"రోజూ ఆరింటికా? మరి పొద్దున నా సంగతో?"

"నేర్చుకోండి. దానికి మూడేళ్ళు పట్టింది."

హాస్యమనుకుని నవ్వారు.

మర్నాడు ఐదున్నరకి ఆయన పేపరులోంచి తల ఎత్తకుండా చెయ్యి వెనక్కి చాపారు. ఆ చెయ్యి గాలిలో అలాగే ఉండగా నేను చెప్పులేసుకున్నాను.