పీకేసిన పైథాన్

"ఒక్క సర్వర్‌లో రెండు పైథాన్ వెర్షన్లేంటి? పాతది పీకెయ్," అన్నాడు మా అక్క మొగుడు. ఆఫీసు ఆయనది, సర్వర్ చాకిరీ నాది. బిల్లింగ్ ప్రోగ్రాం నడవాలంటే పాతది, రిపోర్టుల ప్రోగ్రాంకి కొత్తది కావాలని, అందుకే రెంటినీ విడివిడిగా ఉంచానని నెత్తీ నోరూ బాదుకున్నా వినలేదు. నేను భోంచేసి వచ్చేసరికి తనే పాతదాన్ని తీసిపారేశాడు. బిల్లింగ్ ఆగిపోయింది.

"దానికేముంది? సాఫ్ట్‌వేర్లు ఎక్కించే ప్యాకేజీ మేనేజర్ ఉందిగా, దాంతో మళ్ళీ ఎక్కించు."

"ప్యాకేజీ మేనేజర్ నడిచేదే పాతదాని మీద బావా. ఇప్పుడు అదీ లేవదు."

బావ హాల్లోకి వెళ్ళి, ఆఫీసంతా వినబడేలా అక్కకి ఫోన్ చేశాడు.

"మీ తమ్ముణ్ణి నమ్మి సర్వర్ అప్పగిస్తే ఏం చేశాడో చూడు."