పోయింది అన్నాడు

మా తమ్ముడు ఎలక్ట్రీషియన్. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి వాడు వినేదీ, అనేదీ ఒకటే మాట. ఫ్యూజు పోయింది, మోటారు పోయింది, ఫ్యానుకి కెపాసిటర్ పోయింది. ఇంటికొచ్చినా అంతే. కళ్ళజోడు కనపడకపోతే పోయింది, కూరలో ఉప్పు తగ్గితే రుచి పోయింది. వాడి కూతురు ఆరేళ్ళది, మేం పిడుగు అని పిలుస్తాం. తండ్రి మాటే దానికీ పట్టుబడింది. అన్నం పెడితే మొహం తిప్పుకుని "ఆకలి పోయిందత్తా" అంటుంది. మా ఇంట్లో ఆ మాట అంత చవక.

నేను బస్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుంటాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ఆ కిటికీ దగ్గర రోజంతా ఒకే ప్రశ్నకి జవాబు చెప్పి చూడండి, ఎవరి నోరు మంచిగా ఉంటుందో తెలుస్తుంది. తమ్ముడు నాకు పూర్తిగా ఎదురు. వాడికి మాట్లాడ్డం రాదు. కోపమొచ్చినా, ఏడుపొచ్చినా మొహం ఒకేలా ఉంటుంది, గోడకి సున్నం కొట్టినట్టు.

ఒకరోజు మధ్యాహ్నం తమ్ముడి షాపులో పిడుగు ఒక వైరు ముక్క తీసుకుని ప్లగ్గులో దూర్చబోయింది. నిచ్చెన మీదున్న తమ్ముడికి పైప్రాణాలు పైనే పోయాయి. ఒక్క దూకు దూకి, చెయ్యి లాగి, వీపు మీద ఒకటిచ్చి, "పో! ఇక్కడ కనపడకు! మీ అత్త దగ్గరికి పో!" అని అరిచాడు. ఏ తండ్రి అనడు చెప్పండి? మళ్ళీ నిచ్చెనెక్కి పని ముగించి దిగేసరికి పిల్ల లేదు. నా దగ్గరికి రాలేదు. ఇంటికి వెళ్ళలేదు. చీకటి పడేలోగా వీధి వీధంతా వెతికాం, డిపోలో కండక్టర్లనందర్నీ అడిగాను. ఎవ్వరూ చూడలేదు. రాత్రికి పోలీసు కంప్లైంటు ఇచ్చాం.

మర్నాడు పొద్దున్న ఇన్‌స్పెక్టరే సలహా ఇచ్చాడు. "మేం వెతుకుతూనే ఉన్నాం. మీరూ ఒక వీడియో పెట్టండి. జనం చూస్తే తొందరగా పని జరుగుతుంది" అన్నాడు.

పక్కింటి ఫొటో స్టూడియో అతను ఫోను పట్టుకున్నాడు. సోఫాలో తమ్ముడు, మరదలు. మరదలు నోరు తెరవగానే ఏడుపు తన్నుకొచ్చి మాట రాలేదు. అందుకని వాడు చెప్పాడు. "నిన్న మధ్యాహ్నం మా పాప పోయింది. ఎర్ర గౌను. ఎడమ చెప్పు తెగితే నేనే పచ్చ వైరుతో కట్టాను. ఎవరికైనా కనిపిస్తే నా నంబరుకి చెయ్యండి." అంతే. కంట్లో చుక్క లేదు. రాత్రంతా వీధుల్లో తిరిగిన మనిషి, మొహం సున్నం కొట్టినట్టే ఉంది. గదిలో ఉన్న మాలో ఒక్కరికీ ఆ మాట చెవిలో గుచ్చుకోలేదు.

మొదట్లో అందరూ మంచివాళ్ళే. అయ్యో బంగారు తల్లి అన్నారు, పదిమందికీ పంపండి అన్నారు. ఎక్కడో ఉన్న ముక్కూ మొహం తెలియని వాళ్ళు మా పిడుగు కోసం దిగులుపడుతుంటే మరదలు ఆ స్క్రీనుకే దండం పెట్టింది. అంతలో ఎవడో రాశాడు. "మళ్ళీ ఒకసారి వినండి. తప్పిపోయింది అనలేదు. పోయింది అన్నాడు. పిల్ల చచ్చిపోయిందని వీడికెలా తెలుసు?"

అగ్గిపుల్ల గీసినవాడు వాడు. తగలబడింది మా కొంప.

ఆ ముక్క ఒక్కటే కత్తిరించి, తమ్ముడి నోరు పెద్దది చేసి, మళ్ళీ మళ్ళీ తిప్పి పంచుకున్నారు. పోయింది. పోయింది. పోయింది. తల్లి ఏడుస్తోంది, తండ్రి కళ్ళు పొడిగా ఉన్నాయి చూడండి అని ఒకరు. నిప్పు లేనిదే పొగ రాదని ఇంకొకరు. ఆడపిల్లని వదిలించుకున్నాడని ఒక పెద్దమనిషి తేల్చేశాడు. మధ్యాహ్నానికి టీవీలో నలుగురు కూర్చుని ఒక్క క్రియాపదం మీద వాదించుకున్నారు. వాళ్ళ నాలుకలు పడిపోను! వాళ్ళ ఇళ్ళల్లో కరెంటు పోదా? పర్సులు పోవా?

ఫోను మోగుతూనే ఉంది. మోగిన ప్రతిసారీ పిల్ల కబురేమోనని అందరం లేచేవాళ్ళం. ఎత్తితే బూతులు. తమ్ముడు ఒక్కొక్కటీ పూర్తిగా విని, "పాప కనిపించిందాండీ?" అని అడిగి పెట్టేసేవాడు. చూడలేక నేను లాక్కున్నాను.

"ఎక్కడ పాతిపెట్టావురా?" అందో గొంతు.

"నీ నోట్లో మన్ను పడ! నీకు పిల్లల్లేరా?" అన్నాను.

"ఉన్నారు కాబట్టే అడుగుతున్నా" అన్నాడు. గొంతు నిజంగానే వణికింది. దానికే నాకు భయం వేసింది. వాడు ఆకతాయి అయితే బాగుండేది.

ఇంతలో ఎవరో షాపు వెనక పెరట్లో కొత్తగా సిమెంటు పూసిన చోటుని ఫొటో తీసి పెట్టారు. మేం వెళ్ళేసరికి షాపు ముందు ఇసకేస్తే రాలనంత జనం. ఇన్‌స్పెక్టరు జీపు దిగి తమ్ముణ్ణి పక్కకి పిలిచాడు.

"ఏంటయ్యా అది?"

"ఎర్తింగ్ గుంత సార్. మొన్న వేశాను."

"లోపల ఏముంది?"

"రాగి పలక. చుట్టూ బొగ్గు, ఉప్పు."

భూమిలోకి కరెంటు బాగా దిగాలంటే బొగ్గూ ఉప్పూ వేసి తడపాలి. ఆ పని తెలిసిన ఎవర్నడిగినా చెప్తారు. కానీ ముందు నిలబడ్డవాడికి వినపడింది ఒక్క ఉప్పే. "ఉప్పేసి పాతాడంట!" అని వెనక్కి అరిచాడు. ఆ కేక వీధి చివరిదాకా వెళ్ళింది.

"తవ్వేస్తే ఒక గొడవ వదిలిపోతుంది. నీ మంచికే" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

గునపం మొదటి దెబ్బకి సిమెంటు పగిలింది. మరదలు నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా. రెండో దెబ్బ, మూడో దెబ్బ. లోపల నల్లగా తడిమట్టి కనిపించగానే జనం ముందుకు తోసుకొచ్చారు. అప్పుడు మరదలు వాడివైపు చూసింది.

"ఏవండీ, అక్కడ ఏమీ లేదు కదా?" అంది.

పెళ్ళయినప్పట్నుంచి వాడి మాటకి ఎదురు మాట్లాడని పిల్ల. దాని తప్పేముంది, పొద్దుటి నుంచి అదే మాట చెవిలో ఇల్లుకట్టుకుని మోగుతుంటే! కానీ ఆ ప్రశ్నకి మా తమ్ముడి మొహం మొదటిసారి కదిలింది. "లోతుగా తవ్వండి సార్" అన్నాడు కానిస్టేబుల్‌తో.

బొగ్గు వచ్చింది. గడ్డకట్టిన ఉప్పు వచ్చింది. అడుగున రాగి పలక వచ్చింది. ఇక అందరూ సిగ్గుతో ఇళ్ళకి పోతారనుకున్నాను. నా పిచ్చిగానీ! "ఇక్కడ కాకపోతే ఇంకోచోట పాతుంటాడు" అన్నారు. ఎక్కడ్నుంచో రాయొచ్చి తమ్ముడి కణతకి తగిలింది. రక్తం చూసి ఇన్‌స్పెక్టరు వాణ్ణి జీపెక్కించి ఇంటి దగ్గర దింపాడు. జీపెక్కడమే జనానికి కనిపించింది. హంతకుడు అరెస్టు అని ఆ సాయంత్రమంతా తిప్పారు.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. పిల్ల కోసం వెతికేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. అందరూ శవం కోసం వెతుకుతున్నారు.

మర్నాడు పొద్దున్నే నేను ఆ కామెంట్లు చదవడం మొదలుపెట్టాను.

"అక్కా, చదవకు. ఏం చేసుకుంటావు ఆ చెత్త?" అన్నాడు తమ్ముడు.

"చెత్తలోనే వెతకాలిరా. నిజంగా చూసినవాళ్ళుంటే ఇక్కడే ఎక్కడో ఉంటారు. నీ నంబరుకైతే ఛస్తే చెయ్యరు" అన్నాను.

చదివాను. కళ్ళు మండాయి, కడుపు మండింది. మా అమ్మానాన్నల్ని కూడా వదల్లేదు. జవాబు రాయబోయిన ప్రతిసారీ చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పోయింది అన్న మాట మీద కొట్టుకుంటున్న ఒక పెద్ద గొడవ మధ్యలో, పేరు పక్కన కుట్టుమిషను బొమ్మ పెట్టుకున్న ఎవరో ఒకావిడ రెండు ముక్కలు రాసింది. "వాళ్ళింట్లో అలాగే మాట్లాడతారేమో. ఆ పిల్ల దారం తెగినా పోయిందనే అంటుంది."

నీకెలా తెలుసు, వాడి చుట్టానివా, ఎంతిచ్చారు అని కింద అందరూ విరుచుకుపడ్డారు. నేను మాత్రం ఆ రెండు ముక్కలే మళ్ళీ చదివాను. అంటుంది! మొన్నటిదాకా అనేదని కాదు, అంటుందని రాసింది. పైగా మా ఇంట్లో కుట్టుమిషను లేదు. పిడుగు దారం తెగడం ఎక్కడ చూసింది?

ఆవిడకి విడిగా రాశాను. "అమ్మా, నేను పాప మేనత్తని. పాప మీ దగ్గరుందా?"

ఆవిడ చూసినట్టు టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. మళ్ళీ వెనక్కి వెళ్ళి చూస్తే ఆ కామెంటు తీసేసింది. ఈవిడ భయపడి ఇల్లు వదిలిపోతే? పిల్లని ఇంకెవరికైనా ఇచ్చేస్తే? "నేను తిట్టను, గొడవ చెయ్యను, బతికుందని ఒక్క మాట చెప్పండి" అని రాశాను. చాలాసేపటికి వచ్చింది.

"బాగానే ఉంది. కానీ ఇవ్వను. కొట్టి పొమ్మన్నాడని పాపే చెప్పింది. మీరు తీసుకెళ్ళి ఆయనకే ఇస్తారు."

నీ దుంపతెగ, మా పిల్లని దాచుకుని మాకే నీతులా అని రాసేదాన్నే. ఇంకో రోజైతే రాసేదాన్ని కూడా. పళ్ళు బిగించుకుని, "ఆయన రాడు. నేనూ, వాళ్ళమ్మా, ఒక లేడీ కానిస్టేబులూ వస్తాం. మీ కళ్ళ ముందే పాపనడగండి, మేమెవరమో" అని రాశాను. అడ్రసు వచ్చింది.

ఈ మాట తమ్ముడికి నేనే చెప్పాలి.

"పిల్ల దొరికిందిరా. కానీ దాన్ని చేరదీసినావిడ నువ్వు రాకూడదంటోంది."

వాడు చెప్పులేసుకుంటున్నవాడల్లా ఆగాడు. ఆ చెప్పులు విప్పి గోడ వారగా పెట్టాడు. "దొరికితే చాలక్కా. నేను రాను" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

బస్సు చివరి స్టాపున్న ఊళ్ళో, ఒక చిన్న టైలరు షాపు. మిషను బల్ల కింద కూర్చుని మా పిడుగు గుండీలు ఏరి డబ్బాలో వేస్తోంది. వాళ్ళమ్మ దాన్ని పట్టుకుని పెట్టిన కేక ఈ జన్మకి మర్చిపోను. టైలరమ్మ గోడకి ఆనుకుని ఏడ్చింది.

"దురుద్దేశం లేదమ్మా. ఏదో కుటుంబం వెనకాల బస్సెక్కేసిందట, అది అత్త దగ్గరికి పోతుందనుకుని. స్టాపులో ఒక్కతీ ఏడుస్తోంటే తెచ్చుకున్నాను. మీ వీడియో చూసి నంబరు కూడా నొక్కాను. అంతలో కింద రాసినవి చదివాను. ఇన్నివేల మంది అబద్ధం చెప్తారా అనుకున్నాను."

ఆవిడ కాళ్ళు పట్టుకోవాలో చెంప పగలగొట్టాలో నాకు తెలియలేదు. ఆవిడ వెనకాల టీవీలో మా తమ్ముడి మొహమే ఉంది. అది నిన్నట్నుంచీ అలా మోగుతూనే ఉందట.

దారంతా పిడుగు వాళ్ళమ్మ ఒడిలో కిక్కురుమనకుండా కూర్చుంది. అలిసిపోయిందనుకున్నాం. మేం వీధి మలుపు తిరిగేసరికే కబురు చేరిపోయినట్టుంది, మళ్ళీ అంత జనం. ఈసారి చప్పట్లు. "మేం ముందే అనుకున్నాం, క్షేమంగా వస్తుందని" అంటోందో మహాతల్లి. నిన్న గుంత దగ్గర ఉప్పని అరిచినవాడు ఇవాళ ఫోను ఎత్తి, "ఇటు చూడమ్మా, ఒక్క ఫొటో" అంటున్నాడు. లోకులు కాకులని ఊరికే అనలేదు.

తమ్ముడు గుమ్మంలో ఉన్నాడు, కణతకి కట్టుతో. పిల్లని చూడగానే ఆ సున్నపు మొహం మొత్తం విరిగిపోయింది. రెండు చేతులూ చాచాడు.

పిడుగు నా వెనక దూరింది. నా చెయ్యి పట్టుకుని గుంజి, అందరికీ వినపడేలా అడిగింది.

"అత్తా, నాన్న నన్ను గుంతలో పెట్టాడంట కదా, టీవీలో చెప్పారు. మళ్ళీ పెడతాడా?"

చప్పట్లు ఆగిపోయాయి.

"తియ్యండి! ఇదీ తియ్యండి! ఇదీ పంచుకోండి!" అని గొంతు చించుకున్నాను. ఎవరి మీద అరిచానో నాకే తెలియదు. మరదలు, "లేదమ్మా, లేదు, నాన్న ఏమీ చెయ్యలేదు" అంటూ దాన్ని ముందుకు నడిపించబోయింది. పిల్ల కాళ్ళు నేలకి తన్నిపెట్టింది. గుమ్మంలో తండ్రి ఉన్నంతసేపూ లోపలికి రానంటే రానంది.

తమ్ముడు చాచిన చేతులు దించాడు. మెట్లు దిగి, మాకు దూరంగా, గోడ పక్కనుంచి నడిచి వీధిలోకి వచ్చాడు. నిన్న రాళ్ళు పట్టుకున్నవాళ్ళు దారిచ్చారు. వాళ్ళ మధ్యలోకి వెళ్ళి నిలబడి, "ఇప్పుడు తీసుకెళ్ళక్కా లోపలికి" అన్నాడు.