మెట్లకు ముందే రాసిన చెక్కు

పొద్దున్నుంచీ దర్జీకి కాలు ఒకచోట నిలవడం లేదు. మేస్త్రీకి రాసిచ్చిన మూడో చెక్కు తేదీ రేపే. అది మెట్ల పనికి ఇచ్చింది. కొట్టు మీద గది లేచింది గానీ ఎక్కడానికి మెట్లు లేవు. మేస్త్రీ మొహం చూపించి నెల దాటింది.

పని మొదలైన రోజే రాబోయే తేదీలు వేసి నాలుగు చెక్కులూ మేస్త్రీ చేతిలో పెట్టేశాడు. తేదీ వచ్చేసరికి పని అయిపోతుందిలే అనుకున్నాడు. తేదీలు వాటంతటవే వచ్చాయి. పని పిలిచినా రాలేదు.

"చేతులు కుట్టని జాకెట్టుకు నీకెవరైనా కూలి ఇస్తారా?" అంది భార్య గుండీలు కుడుతూ. "నువ్వు మాత్రం ముందే రాసిచ్చావు. మహా తెలివి!"

దర్జీ మెడలో టేపుతోనే బ్యాంకుకు పరుగెత్తాడు.

"ఆపమని రాసిస్తే ఆపుతాం అంకుల్" అంది అక్కడి అమ్మాయి. "కానీ చెక్కు వెనక్కి పోతే, అది చేతిలో ఉన్నవాళ్లు మీ మీద కేసు వేయొచ్చు. పని కాలేదని కోర్టులో మీరే చెప్పుకోవాలి."

"ఎగ్గొట్టింది వాడు, కోర్టు నాకా?"

"సంతకం మీది కదండీ."

ఆ మాట చెవిలో జోరీగలా రొద పెడుతుండగా మేస్త్రీని వెతుక్కుంటూ వెళ్లాడు. మేస్త్రీ ఇంకెవరి గోడకో సిమెంటు పూస్తున్నాడు.

"ఆ చెక్కు నా దగ్గరెక్కడిది బాబాయ్! బాకీ కింద ఇనుప కొట్టాయనకు ఇచ్చేశా. నాలుగోది మాత్రం భద్రంగా ఉంది" అని జేబు తట్టాడు.

దర్జీ ఇనుప కొట్టు దారి పట్టాడు. తగువు ఒకడితో, కేసు ఇంకొకడితో.

ఇనుప కొట్టు యజమాని తల ఎత్తలేదు. "నీ మెట్లతో నాకేం పని పెద్దాయనా? సరుకిచ్చాను, చెక్కు తీసుకున్నాను. రేపు బ్యాంకులో వేస్తాను."

దర్జీ ఆ కొట్టులోని ఇనుప ఊచల మధ్యే అటూ ఇటూ తిరిగాడు. ఆపితే కోర్టు. ఆపకపోతే మెట్ల డబ్బు గాలికి. చివరికి నిలబడ్డాడు.

"ఆపను. మీ డబ్బు మీకొస్తుంది. కానీ నాలుగో చెక్కు నాకిప్పించండి. అదింకెవరి చేతికో పోతే నేను బతకలేను."

యజమాని మేస్త్రీకి ఫోన్ చేశాడు. "ఆ చెక్కు పట్టుకుని రా. లేదంటే ఇకమీద నీకు ఒక్క ఊచ అప్పివ్వను."

మేస్త్రీ మూతి ముడుచుకుని వచ్చాడు. "నామీద నమ్మకం లేదా బాబాయ్?"

"ఉండబట్టే కదరా ఇలా తిరుగుతున్నా!" దర్జీ చెక్కు లాక్కుని నాలుగు ముక్కలు చేశాడు. "మెట్లు కట్టు. ఆ తర్వాత ఏ రోజు పనికి ఆ రోజే, చేతికే డబ్బు."

"అలాగే, రేపొస్తా" అని మేస్త్రీ బండి తీశాడు.

దర్జీ వెనక ఎక్కి కూర్చున్నాడు.

"ఎక్కడికి బాబాయ్?"

"నువ్వెక్కడికి పోతే అక్కడికి. మెట్లయ్యేదాకా దిగను."